రెండు కొమ్ముల గిటారు

కోయిలకుంట్ల బస్టాండుకు ఎదురుగా ఉన్న ఈరప్ప కిరాణా అంగట్లో శామ్ పనిచేస్తాడు. పొద్దున్నే వచ్చి షట్టరెత్తి, ముందర నీళ్ళు చల్లి, ఉప్పు బస్తా బయటికి లాగుతాడు. ఆ పనులన్నీ ఎడం చేత్తోనే. తూచేదీ, పొట్లం కట్టేదీ, దారం తెంపేదీ ఎడమ చెయ్యే. పొట్లం అయ్యాక మాత్రం దాన్ని కుడిచేతిలోకి మార్చుకుని అందిస్తాడు. ఆ కాస్త ఆలస్యంలో బేరానికొచ్చినవాళ్ళు అతని మొహం చూడరు, చేతులు చూస్తారు. ఆ ఊళ్ళో ఎవరైనా ఎదుటివాళ్ళ చేతులే చూస్తారు.

ఎందుకంటే ఆ చుట్టుపక్కల ఎడం చేత్తో ఇచ్చింది నిలవదు. తెల్లారేసరికి ఇచ్చినవాళ్ళ ఇంటికే తిరిగొచ్చేస్తుంది. తిన్నదీ తాగిందీ పోగా మిగిలింది వస్తుంది. ఇచ్చేవాళ్ళ కుడిచేతి వేలు ఒక్కటి తగిలినా చాలు, ఉండిపోతుంది. అందుకే జల్లెడో గడ్డపారో అడిగితే కాదనలేనివాళ్ళు నవ్వుతూ ఎడం చేత్తో ఇస్తారు. తీసుకునేవాళ్ళు కూడా నవ్వుతూనే "ఈ చెయ్యి కాదుమా, ఆ చెయ్యి" అంటారు. ఇందులో వింతేముందని ఎవరూ చెప్పుకోరు. ఎండాకాలం బోర్లు ఎండిపోవడం గురించైనా నాలుగు మాటలు మాట్లాడుకుంటారు గానీ దీని గురించి మాట్లాడుకోరు.

మాట్లాడుకునేది ఒక్క తిరుపతమ్మ గురించే. అప్పగింతలప్పుడు ఆమె మేనమామ కుడిచేతికి సెగ్గడ్డ లేచి కట్టు కట్టుకుని ఉన్నాడు. ఏమవుతుందిలే అని ఎడం చేత్తోనే పిల్ల చేతిని పెండ్లికొడుకు చేతిలో పెట్టాడు. తెల్లారి చూస్తే తిరుపతమ్మ పట్టుచీరతోనే పుట్టింట్లో తన చాప మీద నిద్రపోతూ ఉంది. మగపెండ్లివాళ్ళు వచ్చి, చూసి, కాఫీలు తాగి వెళ్ళిపోయారు. ఎవరూ గొడవపడలేదు. ఇవ్వని పిల్లను ఇయ్యలేదేమని అడిగేదేముంది. ఇప్పుడామె బస్టాండు పక్కన మిషను కుట్టుకుంటుంది, తనకిష్టమైనంత గట్టిగా నవ్వుతుంది. ఊళ్ళో ఆడవాళ్ళు ఆమెను తలుచుకుని జాలిపడతారు. జాకెట్లు కుట్టించుకోవడానికి ఆమె దగ్గరికి వెళ్ళొచ్చిన రోజు మాత్రం కాస్త తక్కువ జాలిపడతారు.

ఇట్లాంటి ఊళ్ళో ఎడంచేతి వాటంతో పుట్టడం శామ్ చేసుకున్న ఖర్మ. వాళ్ళమ్మ రాహేలమ్మ పాలు పోసేది. పసితనంలో వాడు చెంబు ఎడం చేత్తో అందిస్తే మర్నాడు ఆ పాలు విరిగిపోయి మళ్ళీ రాహేలమ్మ గిన్నెలోకే వచ్చేవి. వీధి వీధంతా ఇంటిమీదికి వచ్చేది. రాహేలమ్మ చింతబరికె తీసుకుని ఆ ఎడం చెయ్యి వాచేదాకా కొట్టేది, తర్వాత దానికే కొబ్బరినూనె రాసి ఏడ్చేది. వాడికి ఇవ్వడం కుడిచేత్తో అలవాటైంది గానీ ఆ చెయ్యి తనదన్న భావం ఎప్పుడూ కలగలేదు.

చనిపోయిన తండ్రి పాత గిటారు ఇంట్లో ఉండేది. శామ్ దాన్ని తిరగేసి పట్టుకుని, తీగలు తారుమారు చేసి కట్టుకుని, ఎడం చేత్తో మీటడం మొదలుపెట్టాడు. చర్చిలో మొదటిసారి వాయించిన మర్నాడు పొద్దున రాహేలమ్మ భయంభయంగా ఇల్లంతా వెతికింది. ఏమీ తిరిగిరాలేదు. ఎడం చేత్తో వాయించిన పాట విన్నవాళ్ళ దగ్గరే ఉండిపోయింది. లోకంలో ఎడం చేత్తో ఇచ్చినా నిలిచేది ఇదొక్కటే అని తెలిసిన రోజు శామ్‌కు గిటారు పిచ్చి పట్టుకుంది. ఆ పిచ్చి మంచిదే. కాకపోతే ఎంత మంచి పిచ్చికైనా ఒక హద్దుండాలి.

ఏటా బస్టాండు వెనక మైదానంలో సువార్త సభలు జరుగుతాయి. కడప నుంచి పాటల బృందం వస్తుంది. పోయినేడు ఆ బృందం పెద్ద శామ్ వాయించడం విని, "మా గిటారు అబ్బాయి వచ్చే ఏడు మానేస్తాండాడు. నువ్వు ఎలక్ట్రిక్ గిటారు మీద చెయ్యి తిప్పుకో, నిన్ను పిలుచుకపోతా" అన్నాడు. ఊరూరా తిరిగే వ్యాను, రోజుకొక వేదిక. శామ్‌కు ఉప్పు బస్తా లాగుతున్నా అదే కనిపించేది. ఆ గిటారు కొనే తాహతు లేదు. అందుకని సంఘపెద్ద దావీదురాజును అడిగాడు. ఆయనకు నాపరాయి బండల ఫ్యాక్టరీ ఉంది. చర్చి గచ్చు ఆయన వేయించిందే, అందుకని చర్చి మాట కూడా ఆయనదే. సంఘం తరఫున కొందాం పద అని దావీదురాజు తన కార్లోనే శామ్‌ను కర్నూలు తీసుకుపోయాడు.

"ఎడంచేతి గిటార్లు ఈడికి రావప్పా," అన్నాడు వాయిద్యాల అంగడి చంద్ర. "అడిగేటోళ్ళు ఎవురుండారు? కుడిచేతిదే తిప్పి వాయించుకోవల్ల. తీగలు నేను మార్చి కట్టిస్తాలే."

గోడకు రెండు వేలాడుతున్నాయి. ఒకటి తేనెరంగుది, బరువైనది, వీపు నున్నగా ఉంది. మెడ మొదట్లో కింది పక్క ఒక కోత, ఆ కోతకు ఒక కొమ్ము. అంతే. చూడ్డానికి ఎంత బాగుందంటే శామ్ దాన్ని రెండుసార్లు నిమిరాడు. తిప్పి పట్టుకునేసరికి కోత పైకి పోయింది, మందపాటి భుజం కిందికి వచ్చింది. కింది నుంచి చుట్టి వచ్చే వేళ్ళు మెడ మీది సగం మెట్లు దాటాక ఆ భుజానికి కొట్టుకుని ఆగిపోయాయి. ఎంత సాగదీసినా పై మెట్లు అందలేదు.

రెండోది ఎర్రది. మెడకు ఆ పక్క ఒక కోత, ఈ పక్క ఒక కోత, రెండు కొమ్ములు. తిప్పినా కింద కోత ఉంది. నాబ్‌లు పైకొచ్చి మోచేతికి అడ్డం తగిలాయి, వైరు ఛాతీ మీద వేలాడింది. అయినా వేళ్ళు చివరి మెట్టు దాకా వెళ్ళాయి. అక్కడ తీగ లాగి వదిలితే అంగట్లో బేరాలు ఆగిపోయాయి.

"అది వద్దు," అన్నాడు దావీదురాజు.

"ఇదే అందుతాంది సార్ నాకు."

"కొమ్ములు చూసినావా? రెండు కొమ్ములదాన్ని మెడకేసుకోని దేవుని సన్నిధిలో నిలబడతావా?"

"దానికీ ఒక కొమ్ము ఉండాది గద సార్."

"ఒకటైతే యాడో విరిగిందనుకుంటారు. రెండూ సక్కగ నిలబడితే సైతానే అది."

ఆయన ఈ మాట నవ్వకుండా అన్నాడు. చంద్ర ఫ్యాను కేసి చూస్తూ ఉండిపోయాడు. కొనకుండానే తిరిగొచ్చారు. ఆ వారం సంఘం కూర్చుని ఒంటికొమ్ముదైతే సరే, రెండు కొమ్ములది కూడదని తీర్మానించింది. అందులో గిటారు ముట్టుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు.

శామ్‌కు అన్నం సహించలేదు. ఒంటికొమ్ముదానికి సరే అంటే కడప బృందం ముందు సగం పాట దగ్గర చెయ్యి ఆగిపోతుంది. వద్దంటే అసలేమీ లేదు. ఇట్లా తన్నుకులాడుతుండగా ఒక ఆదివారం ఆరాధన అయ్యాక దావీదురాజు అతన్ని చర్చి వెనక్కి పిలిచాడు.

"మా క్రాంతికి మీ ప్రేమజ్యోతిని ఇయ్యండప్పా," అన్నాడు.

ప్రేమజ్యోతి శామ్ చెల్లెలు. నర్సు చదువు ముగించింది. రాయచోటిలో ఒక ఆస్పత్రిలో పనికి రమ్మన్నారు, ఇంకో నెలలో చేరాలి. క్రాంతి కుమార్ దావీదురాజు కొడుకు. వాడి మొదటి పెండ్లాం ఆర్నెల్లు తిరక్కుండానే పుట్టింటికి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. వాడు చేయి చేసుకుంటాడని ఊళ్ళో అంటారు. అది చాలా మెత్తని మాట. ఫ్యాక్టరీలో బండలు మోసేవాళ్ళు వాడు వస్తుంటే పక్కకు తప్పుకుంటారు. ఇవన్నీ శామ్‌కు తెలుసు. అయినా అతని నోట్లోంచి ముందుగా వచ్చిన మాట ఇది.

"మరి కొమ్ముల సంగతేంది సార్?"

దావీదురాజు నవ్వాడు. "కొమ్ములదేముండాది. గొర్రెపొట్టేలుకు లేవా? మావాని బామ్మర్దికి నా సొంతంగా కొనిస్తా. సంఘానికేం పని? సభల్లో అదే వాయించుకో."

శామ్ ఇంటికి వెళ్ళేసరికి ప్రేమజ్యోతి తెల్లకోటు ఇస్త్రీ చేసుకుంటూ ఉంది. విషయం చెప్పాడు. రాహేలమ్మ చేటలో బియ్యం అట్లాగే పట్టుకుని కూర్చుండిపోయింది.

"వాడు మంచోడు కాదంటారు నాయనా," అంది.

"పెండ్లయితే మారతాడులే మా."

"ఒకసారి అయింది గద."

"ఆయమ్మ ఎట్లాంటిదో మనకేం తెలుసు?" అన్నాడు శామ్. అన్నాక తనకే ఆ మాట రుచించలేదు గానీ వెనక్కి తీసుకోలేదు.

ప్రేమజ్యోతి ఇస్త్రీపెట్టె నిలబెట్టి అన్న కేసి చూసింది. "నీకేమిస్తానన్నాడు?"

శామ్ ఇస్త్రీపెట్టె కేసి చూశాడు.

"ఎర్రదా, తేనెరంగుదా?"

"ఎర్రది," అన్నాడు శామ్.

ఆమె మళ్ళీ ఇస్త్రీ మొదలుపెట్టింది. కోటు రెండో చెయ్యి కూడా మడత లేకుండా రుద్దింది.

రెండు రోజుల్లో చర్చి అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి ఖాయం చేశారు. రాహేలమ్మ జీవితంలో ఎన్నడూ అయ్యగారికి ఎదురు చెప్పలేదు. కొత్తగా నేర్చుకునే వయసూ కాదు. "ఇంటికి మగదిక్కు నువ్వే నాయనా, నువ్వెట్లంటే అట్ల" అని కొడుకు మీద పెట్టేసి పక్కకు తప్పుకుంది. తండ్రి లేడు కాబట్టి పిల్లను అప్పగించాల్సిందీ శామే. ఆ రాత్రి అన్నాలప్పుడు ప్రేమజ్యోతి అతనికి కూర వడ్డిస్తూ మెల్లగా అంది.

"ఎడం చేత్తో ఇయ్యన్నా."

శామ్ ముద్ద ఆపాడు.

"పారిపోతే ఎతుక్కుంటా వస్తారు. ఎడం చేత్తో ఇస్తే ఎవురూ రారు. తిరుపతమ్మక్క కోసరం ఎవురన్నా వచ్చినారా? తెల్లారి లేసి నేను రాయచోటి బస్సెక్కుతా."

"అందరూ చూస్తాంటారు."

"అయ్యగారు ప్రార్థన చేస్తాన్నప్పుడు గద ఇచ్చేది. అందరూ కండ్లు మూసుకోనుంటారు." ఆమె కూర గిన్నె పక్కన పెట్టింది. "నీకు కష్టమేం కాదు గదన్నా. నీకొచ్చేదే ఆ చెయ్యి."

"సరే," అన్నాడు శామ్.

అన్నప్పుడు నిజంగానే అన్నాడు, అది మాత్రం ఒప్పుకోవాలి. తర్వాతి రోజుల్లో ఉప్పు తూస్తూ, బెల్లం కొడుతూ ఆలోచించాడు. చెల్లెలు తెల్లారి ఇంట్లో కనబడితే దావీదురాజుకు అర్థం కాకుండా ఉంటుందా. గిటారు లాక్కుంటాడు. లాక్కోకపోయినా ఆ చర్చిలో తనను ఎవరు నిలబడనిస్తారు, సభల్లో ఎవరు వాయించనిస్తారు? ఆడపిల్లకు ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరితో కావాల్సిందే. క్రాంతి వాళ్ళది పెద్ద ఇల్లు. ఇట్లా ఒక్కొక్క మాట పేర్చుకుంటూ పోతే ఎంత పనికైనా మనిషికి ధైర్యం వస్తుంది.

పెండ్లి రోజు చర్చి నిండిపోయింది. ప్రేమజ్యోతి తెల్లచీరలో అన్న పక్కన నడిచి వచ్చింది. అతని ఎడం చేతిని పట్టుకునే నడిచింది. అయ్యగారు "ప్రార్థన చేసుకుందాం" అనగానే అందరి తలలూ వంగాయి, కళ్ళన్నీ మూసుకున్నాయి. రాహేలమ్మ అందరికంటే గట్టిగా మూసుకుంది. ప్రేమజ్యోతి అన్న ఎడం చేతిని ఒకసారి నొక్కింది. క్రాంతి చెయ్యి చాచి ఉన్నాడు.

శామ్ చెల్లెలి చేతిని, అంగట్లో పొట్లం మార్చుకున్నట్టే, కుడిచేతిలోకి మార్చుకున్నాడు. అతని కుడిచెయ్యి ఎవరూ కొట్టకుండా, ఎవరూ చెప్పకుండా తనంతట తాను ముందుకు పోవడం అదే మొదలు. తీసుకుపోయి క్రాంతి చేతిలో పెట్టాడు. ఎడం చెయ్యి పొరపాటున కూడా తగలకుండా వెనక పెట్టుకున్నాడు.

ప్రేమజ్యోతి కళ్ళు తెరిచి అతని చేతిని చూసింది. మొహం కేసి చూడలేదు. మళ్ళీ కళ్ళు మూసుకుని అందరితోపాటు ఆమేన్ అంది.

భోజనాలయ్యాక షామియానా కింద దావీదురాజు శామ్‌ను పిలిచాడు. ఆయన పక్కన కుర్చీలో ఎర్ర గిటారు ఉంది, తీగలు ఎడంచేతి వాటానికి మార్చి కట్టించి మరీ తెప్పించాడు. "మోకాళ్ళ మీద ఉండు నాయనా. ప్రార్థన చేసి ఇస్తా," అన్నాడు. శామ్ మోకరించి కళ్ళు మూసుకున్నాడు. తల మీద బరువైన చెయ్యి పడింది, ఉంగరం నడినెత్తికి గుచ్చుకుంది. ప్రార్థన చాలాసేపు సాగింది. దాని మధ్యలో గిటారు మెడ అతని చేతిలోకి వచ్చింది. శామ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం పెండ్లికొడుకూ పెండ్లికూతురూ వేదిక మీద కూర్చుని ఉండగా శామ్ వాయించాడు. చాలా బాగా వాయించాడు. అబద్ధం చెప్పడం దేనికి, అంతకుముందెన్నడూ అంత బాగా వాయించలేదు. చివరి మెట్టు మీద తీగ లాగినప్పుడు వంటవాళ్ళు కూడా గరిటెలు పట్టుకుని బయటికొచ్చారు. ప్రేమజ్యోతి ఒళ్ళో చేతులు పెట్టుకుని నేల చూస్తూ విన్నది.

తెల్లవారి శామ్ లేచేసరికి చెల్లెలి చాప చుట్టి గోడకు ఆనించి ఉంది. ఆ పక్కన పెట్టుకున్న గిటారు లేదు. అతను ముందు వెతికింది గిటారు కోసమే. మంచం కింద, గాదె వెనక, బయట పశువుల కొట్టంలో వెతికాడు. వాకిట్లో నిలబడి నడినెత్తి మీద ఉంగరం గుచ్చుకున్న చోటును తడుముకున్నాడు. అప్పుడు తెలిసింది. దావీదురాజు ఉంగరం పెట్టుకునేది కుడిచేతికి. కుడిచెయ్యి ప్రార్థన పొడుగునా తన తల మీదే ఉంది.

పరిగెత్తాడు. దావీదురాజు వరండాలో కాఫీ తాగుతున్నాడు.

"వచ్చిందప్పా, పొద్దున లేసి చూస్తే ఈడనే ఉండె," అన్నాడు. "ప్రార్థనలో పడి ఏ చెయ్యో చూసుకోలేదు."

"కుడిచేత్తో ఇయ్యండి సార్."

"నాదెట్లయితాది? ఇప్పుడే మా కోడలికిచ్చేసినా. కుడిచేత్తోనే ఇచ్చినాలే. కావల్లంటే ఆయమ్మనే అడుగు. నీ చెల్లెలేగదా."

కొత్త పెండ్లికూతురు కదా, ఇప్పుడే అడిగితే బాగుండదని శామ్ ఓపిక పట్టాడు. సభలు దగ్గరపడ్డాక ఇక ఆగలేక క్రాంతి ఫ్యాక్టరీకి పోయిన వేళ చూసుకుని వెళ్ళాడు. ప్రేమజ్యోతి కొంగు భుజాల మీదుగా కప్పుకుని వచ్చింది. బాగా చిక్కిపోయింది. అతను అది చూశాడు, చూసి కూడా వచ్చిన పనే అడిగాడు.

"కుడిచేత్తో ఇయ్యి ప్రేమా."

ఆమె కొంగు తీసింది. కుడిచెయ్యి మోచేతి పైదాకా తెల్లటి సిమెంటు కట్టులో ఉంది. వేళ్ళు నల్లగా కమిలి ఉన్నాయి.

"యాడ పడితివి?" అన్నాడు శామ్.

"పడలేదు."

 ఎక్కడో బండలు కోసే రంపం చప్పుడు వినబడుతూ ఉంది.

"ఎడం చేత్తో ఇయ్యమంటే ఇస్తా," అంది.

అతను తీసుకున్నాడు. వద్దని తిరిగి రావాల్సిన మనిషి, తీసుకున్నాడు. మర్నాటికి గిటారు ఆమె ఇంట్లో ఉంది. సభలు జరిగినన్ని రోజులూ పొద్దున్నే ఆ ఇంటికి పోయి అడగడం, ఆమె ఎడం చేత్తో ఇవ్వడం, సాయంత్రం వాయించడం, తెల్లారేసరికి అది వెళ్ళిపోవడం. కడప బృందం పెద్ద విని మెచ్చుకుని భుజం తట్టాడు.

"గిటారు తీసుకోని వచ్చెయ్యప్పా. సభల చందాల పనుండి ఇంగో నెల ఈ పక్కనే తిరుగుతాంటాం. పోతా పోతా నిన్ను ఎక్కించుకుంటాం."

ఊరూరా తిరిగే వ్యానులో తెల్లారేసరికి మాయమయ్యే గిటారు ఏం చేసుకోను? కానీ శామ్‌కు దిగులు కలగలేదు. కట్టు విప్పడానికి ఆ నెల చాలు. ఆస్పత్రి ముందు నుంచి పోతూ వస్తూ విచారించుకున్నాడు. చెల్లెలి చెయ్యి బాగవ్వాలని రోజూ ప్రార్థన చేశాడు. అంత శ్రద్ధగా ఆమె కోసం ప్రార్థన చేయడం అదే మొదటిసారి.

వ్యాను రావలసిన రోజు పొద్దున్నే బట్టల సంచీ తగిలించుకుని ఆ ఇంటికి వెళ్ళాడు. కట్టు విప్పేశారు. చెయ్యి కొంచెం వంకరగా అతుక్కుంది గానీ వేళ్ళు ఆడుతున్నాయి. ప్రేమజ్యోతి అన్నను కూర్చోమంది. లోపలికెళ్ళి టీ కాచి తెచ్చి కుడిచేత్తో అందించింది. గ్లాసు వణకలేదు. శామ్‌కు ప్రాణం లేచి వచ్చింది.

"చెయ్యి బాగైంది గద," అన్నాడు.

"బాగైంది."

"వ్యాను వస్తాంది ప్రేమా."

"తెలుసు."

ఆమె లోపలికి వెళ్ళి గిటారు తెచ్చింది. గడప దగ్గర నిలబడి, బాగైన కుడిచేతిని వెనక పెట్టుకుని, ఎడం చేత్తో దాన్ని ముందుకు చాచింది. ఈసారి అతని మొహం కేసే చూసింది.

బస్టాండు వైపు నుంచి వ్యాను హారను రెండుసార్లు మోగింది. శామ్ కదలకుండా నిలబడ్డాడు. కుడిచేత్తో ఇవ్వమని అడగబోయి, ఆమె వెనక పెట్టుకున్న చేతి వైపు చూసి మానుకున్నాడు. ఆఖరికి రెండు చేతులూ చాచి గిటారు తీసుకున్నాడు.

"రేపు పొద్దున రా అన్నా," అంది ప్రేమజ్యోతి. "మళ్ళీ ఇస్తా."